కొత్త పుస్తకాల బీరువా దగ్గర కాపలా మానేశాను

శనివారం సాయంత్రం కాలేజీ అయిపోగానే స్కూటీని ఇంటివైపు కాకుండా లైబ్రరీ వైపు తిప్పడం నాకు పన్నెండేళ్ల అలవాటు. తిరుపతిలో ఏ లైబ్రరీ అని అడక్కండి, కింద రెండు మూడు ఫిర్యాదులు ఉన్నాయి, పేరు లేకుండానే కానిద్దాం. లోపలికి పోగానే కుడిచేతి వైపు ఒక అద్దాల బీరువా ఉంటుంది. దాని మీద పసుపు కాగితంపై ‘నూతన గ్రంథములు’ అని స్కెచ్ పెన్నుతో రాసి టేపు అంటించారు, ఆ టేపు ఎండిపోయి ఒక మూల పైకి లేచి ఫ్యాను గాలికి టపటపా కొట్టుకుంటూ ఉంటుంది. కొత్త పుస్తకం ఏదొచ్చినా పదిహేను రోజులు ఆ బీరువాలో ఉంటుంది, తర్వాత రాక్‌లోకి పోతుంది. రాక్‌లోకి పోయిందంటే ఇక అది కొత్తది కాదు, వేలల్లో ఒకటి, ఎవరైనా పేరు పెట్టి అడిగితే తప్ప బయటికి రాదు. ఆ బీరువా దగ్గర కాపలా కాయకుండానే కొత్త పుస్తకాల కబురు ఫోన్లో అందే దారి, ఫీడ్ అంటారు దాన్ని, నాకు ఎట్లా దొరికిందో చెప్తాను.

పోయిన ఏడాది ఒక పుస్తకం కోసం ప్రకాశం రోడ్డు, గాంధీ రోడ్డు అన్నీ తిరిగాను. దొరక్క, హైదరాబాదులో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి 450 రూపాయలు పెట్టి తెప్పించుకున్నాను. సరిగ్గా నెల తర్వాత ఇంకేదో వెతుకుతుంటే అదే పుస్తకం మా లైబ్రరీ రాక్‌లో తాపీగా కూర్చుని ఉంది. తెరిచి లోపలి ముద్ర చూస్తే వచ్చి ఎనిమిది నెలలు. లెక్క వేసుకుంటే అది అద్దాల బీరువాలో ఉన్న ఆ పదిహేను రోజులూ అమ్మకి కంటి ఆపరేషన్ అని నేను ఇల్లు కదల్లేదు. చూసుకోకుండా కొన్నందుకు తమ్ముడు ఇప్పటికీ నవ్వుతాడు.

కౌంటర్లో ఉండే అన్నకి ఈ గోడు చెప్పుకుంటే, “ఒపాక్‌లో చూసుకోవచ్చు గదా మేడమ్” అన్నాడు. ఒపాక్ అంటే లైబ్రరీ వాళ్ల పుస్తకాల జాబితా, మనం ఇంట్లో నుంచి కూడా ఫోన్లో వెతుక్కునేది. నిజమే, చూసుకోవచ్చు. కానీ ఏమని వెతకాలి? నాకు తెలిసిన పుస్తకమైతే పేరు కొట్టి వెతుకుతా. నాకు తెలియని పుస్తకం వచ్చిందని నాకు ఎలా తెలుస్తుంది? రోజూ పొద్దున లేచి ఒపాక్ తెరిచి ‘ఈరోజు ఏమొచ్చాయి స్వామీ’ అని అడగాలా? మూడు రోజులు అడిగాను, నాలుగో రోజు మర్చిపోయాను, మనిషన్నాక అంతే.

ఆ మూడు రోజుల్లోనే ఒకటి కంటపడింది. వెతికిన ఫలితాల పైన చిన్న నారింజ రంగు బొమ్మ, ఒక చుక్క, దాని మీద రెండు వంపు గీతలు. అది అక్కడ ఏళ్ల తరబడి ఉందట, నేనెప్పుడూ దాన్ని అలంకారం అనుకున్నాను. నొక్కితే తెర నిండా ఇంగ్లీషు ముక్కలు, కోణాల బ్రాకెట్లు, మధ్యమధ్యలో పుస్తకాల పేర్లు. సైటు చెడిపోయిందనుకుని మరుసటి శనివారం అన్నకి చూపించాను. అన్న కూడా కళ్లద్దాలు పైకి తోసుకుని చూసి, “అవున్ మేడమ్, ఏందో అయింది, సిస్టమ్ ఆయనకి చెప్తా” అన్నాడు. సిస్టమ్ ఆయన వచ్చి చూసి, ఏం కాలేదు, అది అట్లనే ఉంటుంది, అది మనుషులు చదివేది కాదు అని చెప్పి వెళ్లిపోయాడు. మరి ఎవరు చదివేదో చెప్పలేదు.

చెప్పింది మా కాలేజీలో బీఎస్సీ కంప్యూటర్స్ చదివే పిల్లోడు. “అది ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ మేడమ్. దాన్ని చదవడానికి వేరే యాప్ ఉంటది, ఆ అడ్రస్ అందులో వేసెయ్యండి, ఇక మీరు ఒపాక్ దగ్గరికి పోనక్కర్లేదు” అన్నాడు. అంతే, రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఏళ్ల తరబడి అద్దాల బీరువా దగ్గర కాపలా కాసినదాన్ని.

నాకు అర్థమైన పద్ధతిలో చెప్తాను, కంప్యూటర్ వాళ్లు కోప్పడకండి. ఫీడ్ అనేది ఒక ఫైలు. లైబ్రరీ జాబితాలో కొత్త పుస్తకం ఎక్కినప్పుడల్లా ఆ ఫైల్లో పైన నాలుగు లైన్లు చేరతాయి: పేరు, రాసినవాళ్లు, వేసినవాళ్లు, ఆ పుస్తకం పేజీకి లింకు. చాలామంది అనుకున్నట్టు లైబ్రరీ మనకేమీ పంపదు. మన ఫోన్లో యాప్ గంటకో, ఆరు గంటలకో ఒకసారి వెళ్లి ఆ ఫైలు తెరిచి, పోయినసారి చూసిన వాటిని వదిలేసి, చూడనివి తీసుకొస్తుంది. చిన్నప్పుడు మా పాకాలలో అమ్మ నన్ను “పాల వ్యాన్ వచ్చిందేమో చూసి రాపో” అని పొద్దున్నే మూడుసార్లు సందు చివరికి తరిమేది చూడండి, అచ్చం అదే పని. ఇప్పుడు ఆ తిరుగుడు యాప్‌ది, వచ్చింది అన్న కబురు మాత్రమే నాది. అందులో ఇంకో సుఖం ఉంది. నా పేరు, ఫోన్ నంబరు, మెయిలు ఎవరికీ ఇవ్వలేదు. నేను ఏ పుస్తకాల కోసం ఎదురుచూస్తున్నానో లైబ్రరీకి కూడా తెలియదు.

ఇది కొత్త సంగతేం కాదు, ముసలి సంగతి. 1999లో, అప్పట్లో ఇంటర్నెట్ బ్రౌజర్ చేసిన నెట్‌స్కేప్ కంపెనీలో పుట్టింది, పుట్టించిన వాళ్లలో ఒకాయన రామనాథన్ గుహ, మన పక్కనే మద్రాసు ఐఐటీలో చదివినాయన. 2000 డిసెంబరులో దాని ఇంకో రూపం రాసినవాళ్లలో ఆరన్ స్వార్ట్జ్ అనే కుర్రాడికి అప్పుడు పద్నాలుగేళ్లు. 2005లో గూగుల్ వాళ్లు రీడర్ అని ఒకటి పెడితే లోకమంతా అందులో చదివింది, 2013 జూలై 1న దాన్ని మూసేశారు. 2018 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కూడా ఫీడ్ చూపించడం మానేసింది. అందుకే ఇవాళ నారింజ బొమ్మ నొక్కితే నాలాంటి వాళ్లకి కోణాల బ్రాకెట్లు కనిపిస్తున్నాయి, ఒకప్పుడైతే చక్కగా జాబితాలాగా కనిపించేదట. అందరూ చచ్చిపోయిందన్న ఆ ఫీడ్ మీదే పాడ్‌కాస్టులు చాలావరకు ఇవాళ్టికీ నడుస్తున్నాయని ఆ పిల్లోడే చెప్పాడు.

మా లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహా. దీని కథ నాకు భలే నచ్చింది. న్యూజిలాండ్‌లో హోరోఫెనువా అనే చోట ఒక చిన్న లైబ్రరీ ట్రస్టు వాళ్ల పాత సాఫ్ట్‌వేర్ 1999 దాటితే పనిచేయదని తేలింది, కొత్తది కొనాలంటే డబ్బుల్లేవు. ఒక చిన్న కంపెనీ చేత కొత్తది రాయించుకుని, 2000 జనవరి 3న వాడటం మొదలుపెట్టి, ఊరికే వాడుకోండి అని అందరికీ ఇచ్చేశారు. మావోరీ భాషలో కోహా అంటే కానుక. ఇవాళ మన దేశంలో బోలెడు కాలేజీల లైబ్రరీలు దాని మీద నడుస్తున్నాయి. మీ లైబ్రరీ ఒపాక్ కూడా అదే అయితే, మీరు ఏది వెతికినా ఆ వెతుకులాటే ఒక ఫీడ్ అయిపోతుంది. ఇది మొదట నాకు ఎక్కలేదు. ‘కొత్త పుస్తకాలు’ అని లైబ్రరీ వాళ్లు ఒక ఫీడ్ పెడతారు, దాన్ని అందరూ తీసుకుంటారు అనుకున్నాను. కాదు, నా వెతుకులాట నాది, నా ఫీడ్ నాది. వెతికి, ఫలితాలు వచ్చాక ఆ నారింజ బొమ్మని నొక్కిపట్టి అడ్రస్ కాపీ చేసుకుని యాప్‌లో అతికిస్తే, ఆ వెతుకులాటకి సరిపోయే పుస్తకం జాబితాలో ఎప్పుడు ఎక్కినా వచ్చి చెప్తుంది. తెర మీద ఫలితాలు ఏ వరుసలో ఉన్నా, ఫీడ్‌లో మాత్రం లైబ్రరీకి చేరిన తేదీ వరుసలోనే వస్తాయి. చేరిన తేదీ అన్నాను, అచ్చయిన తేదీ కాదు, ఇది గుర్తుపెట్టుకోండి.

మొదట ఆశకొద్దీ లైబ్రరీకి వచ్చే అన్ని పుస్తకాలకీ ఫీడ్ పెట్టుకున్నాను. వారం తిరిగేసరికి ఫోన్ నిండా గ్రూప్-2, డీఎస్సీ, బ్యాంకు పరీక్షల గైడ్లు, బీటెక్ పాఠ్యపుస్తకాలు, ఎంబీఏ వాళ్లవి. తప్పేం లేదు, పిల్లలకి కావలసినవి అవే. కానీ నాకు కావలసిన ఒక్క కథల పుస్తకం వాటి కింద ఎక్కడో నలిగిపోతోంది. సరే, తగ్గించాలి. తెలుగు అని వెతికాను, తెలుగు లిపిలోనే. సున్నా ఫలితాలు.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఈ సున్నా నన్ను రెండు వారాలు తిప్పింది. మా లైబ్రరీలో తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి, కానీ కంప్యూటర్‌లో ఎక్కించింది అంతా ఇంగ్లీషు అక్షరాల్లో. కథలు అన్న మాటని ఒకరు ‘థ’కి టీ హెచ్ పెట్టి ఎక్కించారు, ఇంకొకరు డీ హెచ్ పెట్టి ఎక్కించారు, మూడో ఆయన చివరి ‘లు’కి రెండు ఓలు పెట్టాడు. మన ఊరి పేరే తీసుకోండి, టీతో మొదలవుతుందా, టీ హెచ్‌తోనా, చివర టీఐనా, టీ హెచ్ ఐనా, ఏ ఇద్దరూ ఒకటిగా రాయరు, బస్సుల మీద బోర్డులే చూడండి. ఆ లెక్కన ‘తిరుపతి’ అని వెతకడానికి నేను నాలుగు ఫీడ్‌లు పెట్టుకోవాల్సొచ్చింది. ఎక్కించిన వాళ్లని అనడం లేదు, రోజుకిన్ని పుస్తకాలు ఎక్కించాలని లెక్క ఉన్నప్పుడు, కీబోర్డులో తెలుగు లేనప్పుడు, పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు. కానీ తెలుగు ఊళ్లో తెలుగు పుస్తకాన్ని తెలుగులో వెతికితే లేదని చెప్పే జాబితాని చూస్తే కడుపు మండుతుంది, ఆ మాట కూడా రాయకపోతే ఎట్లా.

దారి చూపించింది మళ్లీ కౌంటర్ అన్నే. పుస్తకం వెన్ను మీద తెల్ల చీటీ అంటించి ఉంటుంది కదా, దాని మీద నంబరు. “నంబరుతో ఎతకండి మేడమ్, నంబరుకి స్పెల్లింగు లేదు గదా” అన్నాడు. డ్యూయీ అనే అమెరికా ఆయన 1876లో పెట్టిన లెక్క అది, విషయానికొక నంబరు. తెలుగు సాహిత్యానికి 894.827, పక్కన తమిళానికి 894.811, కన్నడానికి 894.814. ఆంధ్రప్రదేశ్ చరిత్ర అయితే 954.84. నేను 894.827తో మొదలయ్యే నంబర్లన్నిటికీ ఒక ఫీడ్, 954.84కి ఒకటి పెట్టుకున్నాను. ఆ రోజు రాత్రే పదకొండు పుస్తకాలు వచ్చిపడ్డాయి, అందులో నాలుగు నేను ఎన్నడూ పేరు వినని కథా సంకలనాలు. స్పెల్లింగు ఎవరు ఎట్లా రాసినా నంబరు పట్టుకొచ్చింది. అంకెలు కూడా పూర్తిగా నమ్మదగ్గవి కాదనుకోండి. పేరులో ‘ఆవకాయ’ అన్న మాట ఉందని ఒక వ్యాసాల పుస్తకాన్ని 641.5లో, అంటే వంటల్లో పెట్టేశారు. అది ఇప్పటికీ పప్పు కూరల పుస్తకాల పక్కనే ఉంది. నేను రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను, దాన్ని అక్కడ చూస్తే నాకూ నవ్వొస్తుంది.

ఫీడ్‌లో ఇంకో తమాషా. చాలా పుస్తకాలకి ప్రచురణకర్త అన్న చోట ‘ఎస్.ఎన్.’ అని వచ్చేది. ఎవరబ్బా ఈ ఎస్.ఎన్. పబ్లిషర్స్, రాయలసీమలో ఇంతమంది రచయితల్ని వేశారు, ఒక్కసారీ వాళ్ల స్టాల్ చూడలేదే అని నెలల తరబడి అనుకునేదాన్ని. ఒకసారి విజయవాడ పుస్తకాల పండక్కి పోయినప్పుడు వాళ్ల స్టాల్ ఎక్కడని అడిగాను కూడా. తీరా చూస్తే అది ఒక లాటిన్ మాటకి పొట్టి రూపం, పేరు లేకుండా అని దాని అర్థం. సొంత డబ్బులతో ఊళ్లోనే ఏదో ప్రెస్సులో అచ్చు వేయించుకుని, ప్రచురణకర్త పేరు లేకుండా వదిలేసిన పుస్తకాలన్నీ ఆ ఎస్.ఎన్. కిందికి వస్తాయి. చిత్తూరు జిల్లాలో అట్లా సొంతంగా వేసుకున్నవాళ్లు ఎంతమందో అప్పుడు అర్థమైంది. ఇప్పుడు ఫీడ్‌లో ఎస్.ఎన్. కనిపిస్తే ముందు దాన్నే తెరుస్తాను.

చేరిన తేదీ, అచ్చయిన తేదీ అన్నాను కదా. లైబ్రరీకి ‘కొత్త’ అంటే వేరే అర్థం అని నాకు ఈ ఫీడ్ వల్లే తెలిసింది. అద్దాల బీరువాలో పెట్టేవి కొత్తగా కొన్నవి, అట్ట మెరిసేవి. ఫీడ్‌లో వచ్చేవి కంప్యూటర్‌లోకి కొత్తగా ఎక్కినవి. ఏళ్ల తరబడి రాక్‌లో ఉండి ఎక్కని పాత పుస్తకాన్ని ఇవాళ ఎక్కించారనుకోండి, ఎక్కించేటప్పుడు చేరిన తేదీ అన్న గడిలో పాత తేదీ వెయ్యకుండా వదిలేస్తే, అది ఫీడ్ దృష్టిలో ఇవాళ పుట్టినట్టే. ఒకరోజు 1950ల నాటి పుస్తకాలు వరసగా తొమ్మిది వచ్చాయి. బీరువాకి ఇవి కొత్తవి కావు, ఎప్పటికీ ఆ అద్దాల వెనక్కి రావు. నాకు మాత్రం కొత్తవే, చదవలేదు కదా.

ఇక దెబ్బ తిన్న సంగతి. మే నెలలో గంగమ్మ జాతర వారం. తాతయ్యగుంట చుట్టుపక్కల ఇల్లు ఉన్నవాళ్లకి తెలుసు, ఆ వారం మనం మన మాట వినం. వేషాలు, పొంగళ్లు, ఇంటినిండా చుట్టాలు, మా చిన్నత్త పిల్లలు నలుగురు. ఫోన్ ముట్టుకోలేదు, ఫోన్లో యాప్ కూడా పవర్ సేవింగ్ అని నిద్రపోయింది, నాకు తెలియదు. అంతా అయ్యాక తెరిస్తే 894.827లో సరిగ్గా 50 పుస్తకాలు. అబ్బో అనుకుని సంతోషపడ్డాను. పదిరోజుల తర్వాత అన్న మాటల్లో తెలిసింది, ఎవరో రిటైరైన తెలుగు పండితుల ఇంట్లో వాళ్లు రెండు బీరువాల పుస్తకాలు ఇచ్చారని, ఆ వారమే ట్రైనింగుకి వచ్చిన లైబ్రరీ సైన్స్ పిల్లల చేత మొత్తం ఎక్కించేశారని, నాలుగు వందలకి పైనేనని. మరి నాకు 50 ఏంటి? కోహాలో మామూలుగా ఫీడ్‌లో 50 పుస్తకాలే ఉంటాయి, పైన ఒకటి చేరితే అడుగున ఒకటి జారిపోతుంది. మన యాప్ రోజూ వెళ్లి చూస్తుంటే ఇబ్బంది లేదు, వారం నిద్రపోతే జారిపోయినవి జారిపోయినట్టే. పాల వ్యాన్ వచ్చింది, పోయింది, పిల్లకాయ నిద్ర లేవలేదు.

నా మొహం చూసి అన్న లోపలికి పోయి యాక్సెషన్ రిజిస్టర్, అంటే వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరసగా రాసే పుస్తకం, తెచ్చిచ్చాడు. అది మీరెప్పుడైనా చూశారో లేదో, లెడ్జర్ సైజులో, ఖాకీ గుడ్డ అట్ట, రెండు చేతులతో ఎత్తాలి. తేదీ, వరస నంబరు, రాసినవాళ్లు, పేరు, ప్రచురణ, ఏడాది, పేజీలు, ధర, ఎక్కడినుంచి వచ్చింది, చివరన రిమార్కులు. ధర గడిలో ఆ పేజీలన్నిటా ‘ఉచితం’, ‘ఉచితం’, ‘ఉచితం’, కింద కింద గీతలు. ఇక్కడ మాత్రం పేర్లన్నీ తెలుగులో రాసి ఉన్నాయి, గుండ్రంగా, సిరా పెన్నుతో. ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా కూర్చుని వేలు పెట్టి ఒక్కో లైనూ చదివాను. చంద్రగిరి కోట మీద ఒక పలచటి పుస్తకం అక్కడే దొరికింది, 48 పేజీలు, అట్ట లేదు, మొదటి పేజీలో ఎవరికో ‘ఆశీస్సులతో’ అని రాసి సంతకం. అది యాభై లోపల లేదు, ఫీడ్‌ని నమ్ముకుని ఉంటే నాకు తెలిసేదే కాదు.

ఆ తర్వాత రెండు పనులు చేశాను. ఫోన్ సెట్టింగుల్లో ఆ యాప్‌కి నిద్ర లేకుండా చేశాను. ఇంట్లో పాత కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ ఉంటే, అది మెయిల్‌తో పాటు ఫీడ్‌లు కూడా చదువుతుంది కాబట్టి, అందులో కూడా అవే పెట్టాను. ఒక్కొక్కటి మళ్లీ అతికించనక్కర్లేదు, ఫీడ్‌లన్నీ ఓపీఎంఎల్ అని ఒక ఫైలుగా దించుకుని రెండోదాంట్లో ఎక్కించవచ్చు. ఆ ఫైలు మెయిల్‌లో కూడా దాచుకోండి, ఫోన్ పోతే ఏడవక్కర్లేదు.

కబురు వచ్చిన వెంటనే పరిగెత్తకండి, ఇది కూడా అనుభవమే. పుస్తకం జాబితాలో ఎక్కడం వేరు, రాక్‌లోకి రావడం వేరు. ముద్రలు, నంబరు చీటీ, బార్‌కోడ్, ఇవన్నీ కావాలి. మొదట్లో పొద్దున ఫీడ్‌లో చూసి మధ్యాహ్నానికి ఎండలో వెళ్లి నిలబడితే, “ఇంకా లేబుల్ అంటించలేదు మేడమ్, రూములో గుట్టగా ఉండాయి” అనేవాడు అన్న. ఇప్పుడు లింకు నొక్కి పుస్తకం పేజీలో ‘అవైలబుల్’ అని ఉందా చూసుకుని బయల్దేరతాను. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ, ముఖ్యంగా గరుడసేవ రోజు, ఊళ్లో స్కూటీ తిప్పడం అయ్యే పని కాదు, అప్పుడు ఫీడ్‌లో వచ్చినవాటికి చుక్క పెట్టుకుంటూ పోయి, అయ్యాక ఆరు నంబర్లు చీటీ మీద రాసుకుని వెళ్లి ఇరవై నిమిషాల్లో బయటపడ్డాను. పాఠకుడి సమయం ఆదా చెయ్యాలని, మన దేశంలో లైబ్రరీ శాస్త్రానికి పునాది వేసిన రంగనాథన్ గారు 1931లోనే లైబ్రరీలకి నాలుగో సూత్రం పెట్టారు, ఆయన మొదట మద్రాసులో లెక్కల మాస్టారు, ఆ సూత్రంలో ఆ లెక్క కనిపిస్తుంది.

లైబ్రరీ వాళ్లు వాట్సాప్ గ్రూపు పెట్టారు కదా, అది చాలదా అని మా వాళ్లే అడిగారు. పెట్టారు, నేనూ ఉన్నాను. కొత్త పుస్తకాల అట్టల ఫోటోలు నెలకోసారి వస్తాయి. మధ్యలో గుడ్ మార్నింగ్ గులాబీలు, ఎవరి పుట్టినరోజో, ఎవరో అడిగిన హాల్ టికెట్ సందేహం, దానికి ఇరవై జవాబులు. అట్ట ఫోటోలో పుస్తకం నంబరు ఉండదు, దాన్ని వెతకలేం. గ్రూపులో అందరికీ ఒకటే కబురు. ఫీడ్‌లో నేను అడిగింది నాకు.

కంప్యూటర్ జాబితా లేని శాఖా గ్రంథాలయాల్లో ఈ వైభోగం ఏదీ లేదు. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అని పోతుంది, గమనించారో లేదో. మా అమ్మ వాళ్ల ఊళ్లో శాఖా గ్రంథాలయంలో ఒక నల్లబోర్డు మీద సుద్దముక్కతో కొత్త పుస్తకాల పేర్లు రాసేవారు, ఎక్కువైతే పైవి తుడిచి కింద కొత్తవి రాసేవారు. ఆలోచిస్తే అదీ ఫీడే, యాభైకి బదులు పన్నెండు.

నా యాప్‌లో ఇప్పుడు లైబ్రరీవి ఆరు ఉన్నాయి, లైబ్రరీ బయటివి ఇంకొన్ని. తెలుగు వికీసోర్స్‌లో కొత్త పేజీలకి ఫీడ్ ఉంది, వాలంటీర్లు టైపు చేసిన పాత పుస్తకాలు ఒక్కొక్కటే వస్తుంటాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా వెతుకులాటని ఫీడ్‌గా మార్చుకోవచ్చు, తెలుగు స్కాన్ పుస్తకాలు అక్కడ కుప్పలు, కాకపోతే స్పెల్లింగుల గోల మా లైబ్రరీకి పదింతలు, ఓపిక ఉంటేనే దిగండి. స్విమ్స్ ఆసుపత్రిలో పనిచేసే మా వదినకి ఈ కథంతా చెప్తే, వైద్య పరిశోధన పేపర్ల జాబితా పబ్‌మెడ్‌లో మేము ఎప్పటినుంచో ఇదే చేస్తున్నాం, జబ్బు పేరుతో వెతికి ఫీడ్ పెట్టుకుంటే కొత్త పేపర్లు వస్తాయి, నీకిప్పుడు తెలిసిందా అని తీసిపారేసింది. తెలిస్తే చెప్పొచ్చు కదా వదినా అంటే, నువ్వు అడగలేదు అంది.

లైబ్రరీ వాళ్లకి నేను ఒక కాగితం రాసిచ్చాను. ఆ నారింజ బొమ్మ పక్కన ‘కొత్త పుస్తకాల కబురు’ అని తెలుగులో మూడు మాటలు రాయమని, ఎట్లా వాడాలో ఒక పేజీ పెట్టమని, ఇకమీదట ఎక్కించే తెలుగు పుస్తకాలకైనా పేరు తెలుగు లిపిలో కూడా వెయ్యమని. కోహా తెలుగు లిపిని బాగానే తీసుకుంటుంది, అడ్డం అక్కడ లేదు. కాగితం తీసుకున్నారు, ముద్ర వేసి నకలు ఇచ్చారు. పోయిన నెల నుంచి కొత్తవి కొన్ని తెలుగులో కనిపిస్తున్నాయి, నా కాగితం వల్లో, కొత్తగా వచ్చిన డేటా ఎంట్రీ అమ్మాయి వల్లో. అమ్మాయి వల్లే అని నా అనుమానం.

ఈలోగా నేను మా ఫైనలియర్ తెలుగు పిల్లలు ఇద్దరికి, పాఠం అయ్యాక, స్టాఫ్ రూములో కూర్చోబెట్టి ఇదంతా నేర్పించాను. 894.827 నంబరుతో సహా. వాళ్లు ఫోన్లో పెట్టుకున్నారు, థాంక్స్ మేడమ్ అన్నారు, సంతోషం.

నిన్న పొద్దున ఆరున్నరకి ఫీడ్‌లో మూడు పుస్తకాలు. రెండోది నేను కాలేజీ రోజుల నుంచి వెతుకుతున్నది, ఎస్.ఎన్., మదనపల్లెలో అచ్చయినది. లింకు నొక్కితే ‘అవైలబుల్’. పది గంటలకి మొదలై నాకు రెండు క్లాసులు ఉన్నాయి, అవి అయ్యేసరికి పన్నెండున్నర, టిఫిన్ బాక్సు తెరవకుండా స్కూటీ తీశాను. కౌంటర్ దగ్గరికి పోయి నంబరు చెప్తే అన్న కంప్యూటర్‌లో చూసి నా వైపు చూశాడు.

“పది గంటలకి డోర్ తెరవంగానే వచ్చి తీసుకపోయింది మేడమ్, మీ కాలేజీ పాపే. ఫోన్లో నంబరు చూపించి అడిగింది.”

డ్యూ డేట్ 24వ తేదీ. నా కార్డు మీద హోల్డ్ పెట్టించి వచ్చాను.